ఫార్మాట్ కొట్టే ముందు తెర మీద ఉన్నది చదవండి

సంపాదకుల వారికి,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత డెస్క్‌టాప్‌లను పారేయకుండా ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ లాంటి లినక్స్ సిస్టమ్‌లు వేసుకోమని పత్రికల్లో చాలా వ్యాసాలు వచ్చాయి. మంచి సలహాయే. కానీ అవన్నీ పెన్‌డ్రైవ్ తయారీతో మొదలై, కొత్త డెస్క్‌టాప్ తెర కనిపించగానే శుభం కార్డు వేసేస్తాయి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక రోజు లాగిన్ కాదు, ఇంకో రోజు శబ్దం రాదు, మరో రోజు అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. ఎవరిని అడిగినా ఒకటే మందు: ‘ఫార్మాట్ కొట్టి మళ్లీ వేసేయ్.’

ఆ మందు కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే. జబ్బేమిటో తెలియకుండానే పోయింది కాబట్టి మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ఫార్మాటే. డిస్క్‌కు వెళ్లే సాటా కేబుల్ వదులుగా ఉంటే ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా వారానికో పదిరోజులకో అదే తంతు. ఈ సిస్టమ్‌లు తమకేమైందో దాదాపు ఎప్పుడూ రాసిపెడతాయి. చదివే అలవాటు మనకు లేదంతే. మీ కంప్యూటర్ శీర్షికకు పనికొస్తుందని, తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు కొన్ని రాస్తున్నాను. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో ఇస్తున్నాను. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ అది) వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెబుతాను.

ముందుగా అందరినీ బెదరగొట్టేది: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చిందంటే, పాస్‌వర్డ్ ఒప్పుకుంది గానీ డెస్క్‌టాప్ తెరవలేక బయటపడిందని అర్థం. అలా జరగడానికి కారణం చాలాసార్లు రెండింటిలో ఒకటి. డిస్క్ నిండిపోయి ఉంటుంది, లేదా మీ హోమ్ ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైలు రూట్ యూజర్ (సిస్టమ్ మొత్తం మీద పెత్తనం ఉన్న ఖాతా) పేరు మీదికి మారిపోయి ఉంటుంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లటి తెర మీద అక్షరాలతో లాగిన్ అడుగుతుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పనిచేయడం లేదనుకోవద్దు. లోపలికి వెళ్లాక ‘డీఎఫ్ -హెచ్’ కొట్టండి. ఉత్త స్లాష్ గుర్తు ఉన్న వరుసలో 100 శాతం కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇక్కడొక వింత ఉంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం అట్టిపెడుతుంది. అందుకే డిస్క్ నిండినా సిస్టమ్ సేవలు నడుస్తూనే ఉంటాయి, మీ డెస్క్‌టాప్ మాత్రం చిన్న తాత్కాలిక ఫైలు కూడా రాసుకోలేక చతికిలపడుతుంది.

చోటు ఖాళీ చేయడానికి మొదట ప్రమాదం లేనివి చేయాలి. ముందు ‘సుడో’ అని పెడితే ఆ ఆదేశం రూట్ పెత్తనంతో నడుస్తుంది. ‘సుడో ఆప్ట్ క్లీన్’ అంటే దిగుమతి చేసిపెట్టుకున్న ప్యాకేజీ ఫైళ్లు పోతాయి. ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ అంటే పాత లాగ్‌లు 200 ఎంబీకి కుదించుకుంటాయి (ఆ ఎం పెద్ద అక్షరం; జర్నల్ అనే మాటకు సీటీఎల్ అనే మూడక్షరాలు ఖాళీ లేకుండా అతకాలి). చెత్తబుట్టలో వేసినవి డిస్క్ మీదే ఉంటాయన్న సంగతి మరచిపోతుంటారు, దాన్నీ చూడండి. ఇంతకీ చోటంతా ఏది మింగిందో తెలియాలంటే ‘సుడో డీయూ -హెచ్ఎక్స్ --మ్యాక్స్-డెప్త్=1 /’ కొడితే ఒక్కో ఫోల్డర్ బరువు చూపిస్తుంది. ఎక్స్ అక్షరం వదలొద్దు. అది లేకపోతే తగిలించి ఉన్న ఇతర డిస్క్‌లనూ లెక్కలో కలిపేసుకుంటుంది.

కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే బూట్ విభాగం విడిగా ఉన్న కంప్యూటర్లలో నిండేది అదే. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు సాధారణంగా ఇది విడిగానే ఉంటుంది. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వచ్చినప్పుడల్లా పాతవి అక్కడే పేరుకుపోతాయి. వాటిని ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’ తీసేస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లను చేత్తో తుడిచేయడం మాత్రం తప్పు. ఫైళ్లు పోయినా ప్యాకేజీ మేనేజర్ లెక్కల్లో ఆ కెర్నల్ ఇంకా ఉన్నట్టే ఉంటుంది, తర్వాతి అప్‌డేట్ అక్కడ తట్టుకుని పడుతుంది. చోటు బోలెడు ఉన్నా ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటుంటే ‘డీఎఫ్ -ఐ’ చూడండి. కోట్లకొద్దీ బుల్లి ఫైళ్లు చేరి ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒక్కటి చొప్పున వాడే నమోదు గళ్లు) అయిపోయి ఉంటాయి.

రెండో కారణం సుడో దురలవాటు. బొమ్మల తెర ఉన్న ప్రోగ్రామ్‌ను, అంటే టెక్స్ట్ ఎడిటర్‌నో ఫైల్ మేనేజర్‌నో, సుడోతో తెరిస్తే అది మీ హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ లాంటి దాగిన ఫైళ్లను రూట్ పేరు మీద తిరగరాయవచ్చు. మరుసటి లాగిన్‌లో మీ ఫైలు మీకే అందదు. ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొడితే ఏ ఫైలు ఎవరిదో తెలుస్తుంది. మీ పేరు ఉండాల్సిన చోట రూట్ అని ఉన్న ఫైలుకు ‘సుడో చోన్’ (సీ, హెచ్, ఓ, డబ్ల్యూ, ఎన్), ఒక ఖాళీ, మీ యూజర్ పేరు, వెంటనే కోలన్ గుర్తు, ఒక ఖాళీ, ఫైలు పేరు కొడితే యాజమాన్యం తిరిగి మీకు వస్తుంది.

ఈ సందర్భంలోనే చాలామంది ఇచ్చే పాపిష్ఠి సలహా ఒకటుంది: ‘అన్నిటికీ 777 పెట్టేయ్.’ సీహెచ్‌మాడ్ ఆదేశానికి పెద్ద ఆర్ తగిలించి 777 ఇస్తే లోపలున్నవన్నీ ఎవరైనా రాయగలిగేలా మారిపోతాయి. సిస్టమ్ ఫోల్డర్ల మీద ఇది చేస్తే మొట్టమొదట చచ్చేది సుడోనే. దాని అమరికల ఫైలు అందరికీ రాయదగ్గదిగా ఉంటే అది పనిచేయడానికి ఒప్పుకోదు. అంటే చేసిన తప్పును దిద్దుకునే ఆయుధం కూడా చేతిలో ఉండదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పని పరిస్థితి నిజంగా వచ్చేది ఇలాంటప్పుడే.

ఇక అప్‌డేట్‌లు. ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని వస్తే ఆ తాళం ఫైలును తుడిచేయమనే సలహా విస్తారంగా దొరుకుతుంది. వినకండి. ఆ తాళం ఉందంటే మరో ప్రోగ్రామ్ ప్యాకేజీలను మారుస్తూ ఉందని. చాలాసార్లు అది కంప్యూటర్ వెయ్యగానే తనంతట తాను మొదలయ్యే భద్రతా అప్‌డేటే. కాసేపు ఆగితే అదే వదులుతుంది. తాళం పగలగొట్టి రెండో ఇన్‌స్టాలేషన్ మొదలుపెడితే రెండూ కలిసి ప్యాకేజీల చిట్టాను పాడుచేస్తాయి. నిజంగానే మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, దాని వెనకే ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. ఈ రెండూ ఇదే వరుసలో. చాలాభాగం ఇక్కడితోనే కుదుటపడుతుంది.

అప్‌డేట్ సర్వర్‌లోని ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అని వస్తే సర్వర్ పాడైందనుకుంటారు. పాడైంది మీ గడియారం. సిస్టమ్ తేదీ వెనక్కి వెళ్లిపోతే నేటి ఫైలు దానికి రేపటిదిగా కనిపిస్తుంది. అదే సమయంలో బ్రౌజర్ కూడా ప్రతి సైటుకూ సర్టిఫికెట్ బాగోలేదని గోల పెడుతుంది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే వేరే పరీక్ష అక్కర్లేదు. గోడ ప్లగ్ పీకినా, మెయిన్ స్విచ్ ఆపినా మాత్రమే తేదీ తప్పుతుంటే మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయింది. ప్లగ్ ఉన్నంతసేపూ పవర్ సప్లై ఇచ్చే స్టాండ్‌బై కరెంటు గడియారాన్ని నడుపుతుంది కాబట్టి లోపం బయటపడదు. ఆ బ్యాటరీ సాధారణంగా సీఆర్2032, 3 వోల్టులది. కొత్తది మీటర్ మీద 3 కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, రెండున్నర దగ్గరికి దిగితే మార్చేయాలి. మార్చే ముందు బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అమరికల తెరలను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. బ్యాటరీ తీయగానే అవి మొదటి స్థితికి పోవచ్చు. ముఖ్యంగా సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిందంటే డిస్క్ కనిపించకుండా పోయే అవకాశం ఉంది. ‘అయ్యో, బ్యాటరీ మారిస్తే హార్డ్‌డిస్క్ పోయింది’ అనే గగ్గోలు అక్కడినుంచే పుడుతుంది.

విండోస్‌తో పాటు పక్కపక్కన వేసుకున్నవాళ్లకు వేరే రకం గడియారం చిక్కు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడల్లా సరిగ్గా మీ టైమ్‌జోన్ తేడా అంత తప్పు చూపిస్తుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని చదువుతుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అంటే లినక్స్ సర్దుకుంటుంది. ఇదే జంట కాపురంలో మరో తగాదా: విండోస్ డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ ఏమీ రాయనివ్వదు, లేదా అసలు తెరుచుకోదు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ కారణం. దానివల్ల షట్‌డౌన్ అన్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, డ్రైవ్‌ను పూర్తిగా వదలదు. విండోస్ పవర్ అమరికల్లో దాన్ని ఆపేయడమే మార్గం. లినక్స్ వైపునుంచి బలవంతంగా రాయించే ఉపాయాలున్నాయి, డేటా మీద ఆశ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు.

కెర్నల్ అప్‌డేట్ తర్వాత తెర నల్లగా ఉండిపోతే కంగారు వద్దు, పాత కెర్నల్ ఇంకా అక్కడే ఉంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ పట్టుకుంటే, బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్న కొత్త యంత్రాల్లో ఎస్కేప్ తడితే గ్రబ్ మెనూ (దేనితో మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ముందటి కెర్నల్ ఎంచుకోండి. దానితో మామూలుగా వచ్చిందంటే కొత్త కెర్నల్‌కు గ్రాఫిక్స్ డ్రైవర్ తయారవలేదన్నమాట. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకే ఇది ఎక్కువ. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే ఏ కెర్నల్‌కు డ్రైవర్ తయారైందో చెబుతుంది. కొత్త కెర్నల్ పేరు ఆ జాబితాలో లేకపోతే డ్రైవర్ తయారీకి కావలసిన దాని హెడర్స్ ప్యాకేజీ వేశారో లేదో చూడాలి. జాబితాలో ఉండి కూడా లోడ్ కాకపోతే, నమ్మదగ్గ సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ను అనుమానించండి. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అవగానే నీలం తెర మీద ‘ఎంఓకే మేనేజ్‌మెంట్’ కోసం మీట నొక్కమని పది సెకన్లు ఎదురుచూస్తుంది. జనం సరిగ్గా ఆ పది సెకన్లలోనే టీ కోసం లేస్తారు. ఆ తెర దాటిపోతే డ్రైవర్ సంతకాన్ని గుర్తుపట్టే తాళంచెవి నమోదు కాదు, డ్రైవర్ లోడ్ కాదు.

గ్రబ్‌లో ‘ఈ’ అక్షరం మీట నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 కొడితే తెర రావచ్చు. లోపలికి వెళ్లి మరమ్మతు చేసుకోవడానికే అది. దాన్నే శాశ్వతంగా ఉంచేసి ‘లినక్స్ నెమ్మది’ అని తిట్టుకునేవాళ్లున్నారు. గ్రాఫిక్స్ కార్డు పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడితే నెమ్మదించక ఏం చేస్తుంది?

డిస్క్ సంగతి దగ్గర మాత్రం తొందరపడాలి. నడుస్తూ నడుస్తూ ఏ ఫైలూ సేవ్ కాక, ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని వచ్చిందంటే రాతలో లోపం కనబడి సిస్టమ్ తనకు తానే కలం మూసేసిందని. బూట్ అయ్యేటప్పుడు ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అనే గుర్తు దగ్గర ఆగిపోవడం దాని తమ్ముడే. అక్కడ ‘ఎఫ్ఎస్‌సీకే’ ఆదేశం, తెర మీద అది చూపించిన విభాగం పేరు కొడితే మరమ్మతు జరుగుతుంది, ‘ఎగ్జిట్’ అంటే బూట్ కొనసాగుతుంది. కరెంటు పోవడం వల్ల ఒక్కసారి వస్తే సరే. రెండోసారి వస్తే ముందు బ్యాకప్, తర్వాతే పరీక్ష. ‘స్మార్ట్‌మాన్‌టూల్స్’ ప్యాకేజీ వేసి ‘సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ’, డిస్క్ పేరు కొట్టండి. సాటా డిస్క్ అయితే, వరుస మొదట్లో ఉండే ఐడీ నంబరును బట్టి, మూడు అంకెలు చూడాలి. 5వది మార్చేసిన సెక్టార్లు, 197వది అనుమానంలో ఉన్న సెక్టార్లు. ఇవి పెరుగుతుంటే డిస్క్ పోతోంది. 199వది పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ను పారేయకండి. అది డిస్క్‌కు, మదర్‌బోర్డుకు మధ్య దారిలో వచ్చే తప్పుల లెక్క, చాలాసార్లు కేబుల్ మారిస్తే ఆగిపోతుంది. పాత అంకె తిరిగి సున్నాకు రాదు, అక్కడితో పెరగకపోతే చాలు. మొదట్లో చెప్పిన వారానికో ఫార్మాట్ ఇదే.

నెట్ రాకపోతే ‘పింగ్ 1.1.1.1’ చూడండి. అది పలికి, సైట్ల పేర్లు పలకకపోతే తప్పు డీఎన్ఎస్‌లో, అంటే సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే సేవలో. వైఫై గుర్తే లేకపోతే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’: సాఫ్ట్ బ్లాక్ అయితే ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’తో పోతుంది, హార్డ్ బ్లాక్ అయితే ఎక్కడో స్విచ్ ఉంది. వైఫై డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి అనే చిక్కుముడికి ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, లినక్స్ దాన్ని వైరు నెట్‌గానే తీసుకుంటుంది.

శబ్దం విషయంలో అమరికల్లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉందా, అసలు పరికరం పేరు ఉందా అన్నది మొదటి ప్రశ్న. పేరు ఉంటే, మానిటర్ తగిలించగానే ధ్వని హెచ్‌డీఎంఐ వైపు వెళ్లిపోయి ఉంటుంది, స్పీకర్లను తిరిగి ఎంచుకోండి. డమ్మీ అయితే ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ వైర్‌ప్లంబర్’. దీనికి సుడో పెట్టకూడదు, ఇవి మీ లాగిన్ కింద నడిచే సేవలు. ‘అల్సామిక్సర్’లో ఎఫ్6తో కార్డు ఎంచుకుంటే రెండు ఎం అక్షరాలున్న గొట్టం మూగబోయినది, ఎం మీట కొడితే నోరు విప్పుతుంది. ప్రింటర్ పలకకపోతే బ్రౌజర్‌లో ‘లోకల్‌హోస్ట్:631’ తెరవండి. ఒక్కసారి కాగితం ఇరుక్కున్నా వరుస మొత్తం పాజ్‌లో ఉండిపోతుంది, అక్కడ రెజ్యూమ్ నొక్కాలి.

కంప్యూటర్ బిగుసుకుపోతే పవర్ బటన్ మీదికి వేలు పోనివ్వకండి. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (ప్రింట్ స్క్రీన్ మీటే) పట్టుకుని, రెండేసి సెకన్ల ఎడంతో ఎస్, యూ, బీ నొక్కండి. రాయాల్సింది డిస్క్‌కు రాసి, డిస్క్‌ను రాతకు మూసేసి, రీబూట్ అవుతుంది. ఉబుంటులో ఈ మూడూ మొదటినుంచే అనుమతించి ఉంటాయి. మళ్లీ వచ్చాక ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1 -పీ ఎర్’ (ఈ, ఆర్, ఆర్) కొడితే కిందటిసారి పోయే ముందు ఏం రాసిందో కనిపిస్తుంది. ఏసీపీఐ పేరుతో బూట్ మొదట్లో వచ్చే ఎర్ర వరుసలు చాలామటుకు మదర్‌బోర్డు బయోస్ లోపాలు, హానిలేనివి. బిగుసుకున్న సమయానికి ఒకటి రెండు నిమిషాల ముందున్న వరుసలే ముఖ్యం. తెలుగు మెనూలు పెట్టుకున్నవాళ్లు ఆదేశానికి ముందు ‘ఎల్‌సీ_ఆల్=సీ’ అని పెద్ద అక్షరాల్లో చేరిస్తే లోపం ఇంగ్లిష్‌లో వస్తుంది, ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది.

చివరగా మీ డెస్క్‌కు ఒక మనవి. కంప్యూటర్ శీర్షికలో ఆదేశాలు అచ్చువేసేటప్పుడు పేజీ దిద్దే సాఫ్ట్‌వేర్ రెండు అడ్డగీతలను ఒక పొడుగు గీతగా, నిలువు కోట్స్‌ను వంకర కోట్స్‌గా మార్చేస్తుంది. రెండూ టెర్మినల్‌కు అర్థం కావు. అంతకంటే ప్రమాదం, కాలమ్ ఇరుకై ఫోల్డర్ పేరు మధ్యలో వరుస విరగడం. పాఠకుడు అక్కడ ఖాళీ ఉందనుకుని కొడతాడు. 2011లో బంబుల్‌బీ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో, తుడిచేసే ఆదేశంలో ‘/యూఎస్ఆర్’ తర్వాత పొరపాటున ఒక్క ఖాళీ పడింది. తుడవాల్సింది దాని లోపలెక్కడో ఉన్న చిన్న ఫోల్డర్ అయితే, యూఎస్ఆర్ ఫోల్డరే మొత్తం తుడుచుకుపోయింది. కాబట్టి ప్రతి ఆదేశాన్నీ విడి వరుసలో, విరగకుండా, కాలమ్‌లో పట్టకపోతే అడ్డంగా పెట్టెలోనైనా వేయించగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు